కార్తీకమాసంలో పండు కంచం

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్ను అందరూ గేదెల డాక్టరమ్మ అన్నారు. అందులో తప్పేమీ లేదు. ముప్పై ఏళ్ల పైచిలుకు కోనసీమలోనే పనిచేశాను. రాజోలు వైపు కొన్నాళ్లు, కొత్తపేట వైపు కొన్నాళ్లు, చివరికి ముక్తేశ్వరం దగ్గర ఒక పల్లెలోని పశువుల ఆసుపత్రిలో. ఎక్కడికి వెళ్లినా నా కాలం గేదెల వెనకే గడిచింది.

ఇప్పుడు అమలాపురంలో మా ఇంటికి ఆదివారం చర్చి అయ్యాక కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు వస్తుంటారు. "గేదె ఈనలేక కష్టపడిన ఈత కేసు ఏదైనా చెప్పండి మేడం" అంటారు. ఈత కేసులు మీ పుస్తకాల్లో నాకంటే బాగా రాశారు, నేను కుక్క కంచం గురించి చెబుతాను అంటాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చూసుకోనివ్వండి. ఈ విషయం మొదలుపెడితే నా చేతిలో కాఫీ చల్లారిపోయిన సంగతి కూడా నాకు తెలియదు. నా ఉద్యోగం మొత్తంలో నన్ను అంత సిగ్గుపడేలా చేసినదీ, అంత సంతోషపెట్టినదీ ఒక కుక్క తిండే మరి.

మా మొదటి పై అధికారి

ఆయన గేదెల విషయంలో చెయ్యి తిరిగిన మనిషి. కుక్కలంటే మాత్రం చిన్నచూపు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన కుక్కకి వాంతులని తీసుకొస్తే, ఏం పెడుతున్నారు, ఎన్నిసార్లు పెడుతున్నారు అని అడుగుతూ కూర్చున్నాను. లోపలి గదిలోంచి వినబడింది.

"ఏమ్మా, వంటల కార్యక్రమం ఎప్పటికి అయిపోతుంది? బయట దూడ నిలబడి ఉంది."

దూడ విషయంలో ఆయన మాట నిజమే. కుక్క విషయంలో కాదు. కానీ నేను భయపడి లేచిపోయాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏ కుక్క యజమానినీ తిండి గురించి రెండు ప్రశ్నలకు మించి అడగలేదు. మందు రాసి పంపేదాన్ని. ఆ భయం ఆయనే నాకు అంటించారని ఇప్పుడు చెప్పడం తేలికే గానీ, అంటించుకున్నది నేనే.

ఆయన దగ్గర నేర్చుకున్న మంచి సంగతి కూడా ఒకటుంది. ఎండుగడ్డి తినే గేదెని పచ్చిమేతకి మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలపమని ప్రతి రైతుకీ చెప్పేవారు. పశువు పొట్టలో ఉండే కంటికి కనబడని జీవాలకి కొత్త మేత అలవాటు కావాలని ఓపిగ్గా వివరించేవారు. నేనూ ఆ మాట వందలమందికి చెప్పాను. కుక్కకి కూడా పొట్ట ఉంటుందన్న ఆలోచన మాత్రం రాలేదు. తెలిసిన సంగతి గేదెల పాకలోనే ఉండిపోయింది.

ఏడాదికి రెండుసార్లు వచ్చే రోగం

మా వైపు ఒక విచిత్రం ఉంది. దీపావళి వెళ్లిన వారానికి కుక్కలు వరసగా విరేచనాలతో వచ్చేవి. మళ్లీ నెల తిరిగాక ఇంకో వరస. మంచు పడుతోంది కదా, చలిగాలి అనుకునేదాన్ని. మాత్రలిచ్చేదాన్ని. తగ్గిపోయేవి. మళ్లీ ఏడాది అవే కుక్కలు.

అది చలి కాదు, కార్తీకం. మా వైపు ఇళ్లలో కుక్కకి వేరే వంట ఉండదు. ఇంట్లో వాళ్లు తినేదే దానికీ. నెల పొడుగునా నీసు మానేస్తే కుక్కా మానేస్తుంది. నిన్నటిదాకా చేప కలిపిన అన్నం తిన్నది తెల్లారేసరికి పప్పన్నం తినాలి. నెల అయ్యాక ఇంటిల్లిపాదీ మొహం వాచి మాంసం వండుకుంటే దాని కంచంలోనూ ఒక్కసారే మాంసం పడుతుంది. హిందువుల ఇళ్లనే అనడం ఎందుకు? మా అమ్మ ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలంలో నలభై రోజులు మాంసం ముట్టేది కాదు. మా ఇంటి కుక్క కూడా నలభై రోజులు ఉపవాసమే. దాని విశ్వాసం ఏమిటో ఎవరూ అడగలేదు.

ఇంత తేలికైన సంగతి నాకు అంతకాలం ఎందుకు అందలేదంటే, నేను కుక్కని చూశాను గానీ కంచాన్ని చూడలేదు. ఆ కంచం చూపించినది పండు.

పండు

వెంకటలక్ష్మిగారిది మా ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఇల్లు. భర్త నాగేశ్వరరావుగారు కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఆవిడ, అత్తగారు, పండు అనే కుక్క. పండు సగం లాబ్రడార్, సగం మా ఊరి కుక్క. ఎనిమిదేళ్లది. మొదటిసారి కువైట్ వెళ్లకముందు నాగేశ్వరరావుగారు తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్న పిల్ల. సెలవు మీద ఇంట్లో ఉన్నన్నాళ్లూ తన కంచంలో మొదటి ముద్ద దానికే పెట్టేవారు. ఫోనులో ఆయన మొహం కనబడితే పండు ముందు ఆ మొహాన్ని వాసన చూసి, తర్వాత ఫోను వెనక్కి వెళ్లి చూసేది, మనిషి అక్కడున్నాడేమోనని. ఇది నేను కళ్లారా చూశాను.

కార్తీకం రెండో వారంలో ఆవిడ పండుని తీసుకొచ్చారు. జుట్టు రాలుతోంది, ఒళ్లంతా గోక్కుంటోంది, పక్కటెముకలు కనబడుతున్నాయి.

"ఏం పెడుతున్నారండీ?"

"ఇంట్లో ఏది వండితే అదేనండీ. ఇదివరకు రోజూ చేపముక్క ఉండేదండీ. ఇప్పుడు కార్తీకం కదండీ, పప్పన్నం, పెరుగన్నం పెడతన్నాం." పండు మెడ నిమురుతూ అసలు సంగతి చెప్పారు. "ఇరవై రోజుల్లో ఆయనొస్తన్నారండీ. మూడేళ్లయింది. వచ్చేసరికి ఇది బాగుండాలండీ. నాకు అప్పజెప్పి వెళ్లేరు కదండీ."

జవాబు ఆ మాటల్లోనే ఉంది. నేను వినలేదు. అంతకు ముందు నెలే ప్యాకెట్ మేతల గురించి ఒక శిక్షణకి వెళ్లొచ్చి ఉన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలా ఉంది నా ఉత్సాహం. పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. చివర్లో, "ఈ పప్పన్నం ఇవాళ్టితో బంద్. రేపట్నుంచి ప్యాకెట్ మేతే పెట్టండి. ఇంకేమీ వద్దు" అన్నాను.

ఆవిడ "ఆయ్" అన్నారు.

మా వైపు ఆయ్ అంటే ఇక ప్రశ్నల్లేవు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషికి తప్పు సలహా ఇస్తే ఆ తప్పు నూటికి నూరుపాళ్లూ అమలవుతుంది. ఏ వయసు కుక్కకి పెట్టే మేత కొనాలో కూడా నేను కాగితం మీద రాయలేదు. ఆవిడ అమలాపురం వెళ్లి కవరు మీద బొమ్మ ముద్దుగా ఉన్నది చూసి కొన్నారు. బొమ్మలో ఉన్నది కుక్కపిల్ల. అది ఎదిగే పిల్లల కోసం చేసిన, కొవ్వు ఎక్కువగా ఉండే మేత. ఇంటికెళ్లి దాన్ని ఎనిమిదేళ్ల పండుకి గిన్నె నిండా రెండు పూటలా పెట్టారు. రెండు వారాలుగా పప్పన్నంతో నకనకలాడుతున్న కుక్క గిన్నె నాకేసింది.

మూడో రోజు పొద్దున్నే ఆసుపత్రి ముందు ఆటో ఆగింది. పండుని దుప్పట్లో మోసుకొచ్చారు. వాంతులు, నెత్తురు కలిసిన విరేచనాలు. మెడ మీద చర్మం పట్టుకుని వదిలితే ఆ మడత అలాగే నిలిచిపోయింది, ఒంట్లో నీరు లేదు. టీకాలన్నీ వేసి ఉన్నాయి కాబట్టి అంటురోగం అనుకోడానికి లేదు. నెత్తురు చుక్క తీసి చూస్తే పిడుదుల జ్వరమూ కాదు. మేత ఎప్పుడు మార్చారో అడగనక్కర్లేదు, మార్పించినది నేనే. మొదటి దెబ్బ కార్తీకం కొట్టింది, రెండోది నేను కొట్టాను.

సెలైన్ పెట్టాను. సీసా తగిలించే మేకు ఊడిపోయి ఉంటే వెంకటలక్ష్మిగారు చేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు.

"మీరు చెప్పినట్టే చేసేనండీ" అన్నారు. నిందగా అనలేదు. తనవల్ల ఏం పొరపాటు జరిగిందో తెలుసుకోవాలని అన్నారు. నిందించి ఉంటే నాకు ఇంకొంచెం తేలిగ్గా ఉండేది.

"తప్పు మీది కాదండీ. నాది" అన్నాను. "ఒక్కసారిగా మార్చమని చెప్పకూడదు."

ఆవిడ సీసాని రెండో చేతికి మార్చుకున్నారు. తర్వాత, "బతుకుద్దాండీ? ఆయనకేం చెప్పమంటారండీ?" అన్నారు. అప్పుడే ఫోను మోగింది. కువైట్ నుంచే. ఆవిడ వీడియో ఆపేసి మాట్లాడారు. "పండు పడుకుందండీ" అన్నారు. స్పీకరులోంచి ఆయన గొంతు విని, తల ఎత్తలేని ఆ కుక్క తోక ఒక్కసారి కదిపింది. నేను మొహం తిప్పుకుని మందుల బీరువా సర్దాను. నాకు ఏడుపొచ్చింది, అది దాచుకోవాల్సిన సంగతేమీ కాదు.

నా స్టీలు క్యారేజీ

రెండో రోజు సాయంత్రానికి పండు తాగిన నీళ్లు కడుపులో నిలిచాయి. నేను ఆ రోజు ఇంటికి దాదాపు గెంతుతూ వెళ్లాను. ఇక మెత్తటి అన్నంలో తోలు తీసి ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం కలిపి, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టాలి. మర్నాడు పండుని వాళ్లింటికి చేర్చి ఆ మాట చెబితే వెంకటలక్ష్మిగారు అత్తగారి వైపు చూశారు. ఆ పెద్దావిడ కార్తీకమంతా తెల్లవారుజామునే కాలవలో స్నానం చేసి దీపం పెట్టే మనిషి.

"మా ఇంట్లో కార్తీకం లేదు కదండీ. నేను ఉడికించి తెస్తాను" అన్నాను.

పెద్దావిడ పండు డొక్కలు చేత్తో తడిమారు. "తెండమ్మా. నోములు మనకి గానీ నోరులేని దానికేంటి. కొబ్బరిచెట్ల అవతల పెట్టండి. నేనటు చూడను."

అలా రోజూ పొద్దున్నే స్టీలు క్యారేజీతో బయల్దేరేదాన్ని. మా ఆయన, "పెళ్లైన ఇన్నేళ్లలో నాకెప్పుడైనా ఇంత శ్రద్ధగా వండావా?" అని సాధించేవారు. మీరు ప్యాకెట్ మేత తిని పడిపోండి, మీకూ వండుతాను అన్నాను. నాలుగో రోజు నేను కొబ్బరిచెట్ల అవతల గిన్నె పెడుతుంటే వెనకనుంచి పెద్దావిడ గొంతు వినబడింది.

"ఇవాళ కొంచెం తక్కువ తెచ్చేరేంటమ్మా?"

రొయ్యల చెరువు పాఠం

వెంకటలక్ష్మిగారి తమ్ముడు సత్తిబాబు ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులు చేస్తాడు. ఒక పొద్దున నేను అక్కడుండగానే అక్కని చూడ్డానికి వచ్చి, మిగిలిపోయిన మేత ప్యాకెట్‌లో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి వాసన చూశాడు.

"ఇది మా రొయ్యల మేతలాగే ఉందండీ. మా దగ్గర బస్తాలకి బస్తాలుంటది. అదే పెట్టేస్తే పోద్ది కదండీ?"

నేను అరిచినంత పని చేశాను. రొయ్య కోసం చేసింది రొయ్యకే, అందులో ఉన్నవి కుక్కకి సరిపడవు, పెట్టావంటే ఊరుకోను అన్నాను. అతను ఏమీ అనుకోలేదు. "సరేనండీ. మరి మేత మార్చేటప్పుడు కలిపి మార్చలేదాండీ?" అన్నాడు.

"అంటే?"

"రొయ్య పెరిగేకొద్దీ ఒకటో నంబరు మేత నుంచి రెండో నంబరుకి వెళ్లేటప్పుడు మేం ఒక్కసారే మార్చమండీ. కొన్నాళ్లు రెండూ కలుపుతాం. ముందు ఒకటో నంబరు ఎక్కువ, తర్వాత సగం సగం, తర్వాత రెండో నంబరు ఎక్కువ. మేత వేసిన పళ్లెం, చెక్ ట్రే అంటామండీ, అది చెరువులో దింపి, కాసేపాగి లేపి చూస్తాం. మేత మిగిలిందంటే అక్కడే ఆగుతాం. రొయ్యకే ఇంత చేస్తన్నాం, కుక్కకి చేయరాండీ?"

నేను వాళ్ల అరుగు మీద కూర్చుండిపోయాను. గేదెకి తెలిసింది, రొయ్యకి తెలిసింది, మధ్యలో కుక్కకి నేను అడ్డంపడ్డాను. సిగ్గు వేయాలి నిజానికి. కానీ నాకు పట్టరాని సంతోషం వేసింది. ఏళ్ల తరబడి కార్తీకంలో వచ్చిన ప్రతి కుక్కా ఒక్కసారిగా అర్థమైపోయింది. ఆ ఆనందం ఎలాంటిదో మీకూ ఉద్యోగంలో ఒక్కసారైనా తెలియాలని నా కోరిక.

అక్కడే మందులచీటీ వెనక రాశాను. పెద్ద వయసు కుక్కలకి పెట్టే మేత ఏదో ఈసారి పేరుతో సహా. మొదట మూడు గరిటెలు పాత తిండి, అంటే నా క్యారేజీ అన్నం, ఒక గరిటె కొత్తది. మూడు రోజులు బాగుంటే సగం సగం. ఇంకో మూడు రోజులకి మూడు గరిటెలు కొత్తది, ఒకటి పాతది. ఆ తర్వాతే పూర్తిగా కొత్తది. మామూలు కుక్కకి వారం చాలు, దెబ్బతిన్న పొట్ట కాబట్టి పది రోజులు. విరేచనం పల్చబడితే ఒక మెట్టు వెనక్కి. కుక్కకి చెక్ ట్రే ఏదో వేరే చెప్పాలా? వెంకటలక్ష్మిగారు దాన్ని రోజూ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపేవారు, సరిగ్గా నేను ఇడ్లీ తినే వేళకి. కింద "గట్టిగా ఉందండీ" అని ఉండేది. ఇడ్లీ చేత్తో పట్టుకుని చప్పట్లు కొట్టలేం గానీ, లేకపోతే కొట్టేదాన్ని.

కొత్తగా చేరేవాళ్లకి

కుక్క వస్తే ముందు కంచం గురించి అడగండి. ఏం పెడతారు అని అడిగితే చాలదు. నిన్న ఏం పెట్టారు, పోయిన నెల ఏం పెట్టారు, ఇంట్లో ఏ నోము నడుస్తోంది, ఎవరైనా చుట్టాలొచ్చారా అని అడగండి. పూతరేకులు తెచ్చిన చుట్టం కుక్కకి కూడా ఒకటి పెట్టే వెళతాడు.

ప్యాకెట్ మేత పెట్టేవాళ్లే గొప్పవాళ్లనీ, ఇంటి తిండి పెట్టేవాళ్లకి ఏమీ తెలియదనీ అనుకోవద్దు. నేను అలా అనుకునే చెడ్డాను. లెక్క ప్రకారం వండితే ఇంటి తిండీ మంచిదే, కానీ ఉత్త పప్పన్నం కుక్కకి చాలదు. చేప పెట్టేవాళ్లకి ఒకటే చెప్పండి, పులుసు పెట్టకముందే దాని వాటా తీసి విడిగా ఉడికించి ముళ్లు తీసి పెట్టమనండి. పులుసులో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కకి పడదు. ఉడికించిన ఎముకలూ వద్దు. కవరు ముందున్న బొమ్మ చూడొద్దు, వెనక రాసింది చదవమనండి. చదవలేనివాళ్లకి మీరే చదివి, పేరు రాసివ్వండి. కుక్క మేతకి కాగితం ఎందుకని బద్ధకించినందుకు నాకేం జరిగిందో చెప్పాను కదా.

నోము ఉన్న ఇంట్లో నోము మానమని చెప్పకండి. వారం ముందే కలపడం మొదలుపెట్టమని చెప్పండి. నెల అయ్యాక కూడా అలాగే. ఇప్పుడు మా వైపు ఆసుపత్రుల్లో దీపావళికి ముందే ఆ మాట చెప్పేస్తున్నారు.

తప్పు చేస్తే ఆ పూటే ఒప్పుకోండి. తెల్లారితే దానికి సాకులు మొలుస్తాయి.

కువైట్ సంచి

కార్తీకం వెళ్లింది. పోలి పాడ్యమి నాడు పెద్దావిడ కాలవలో దీపాలు వదిలారు. మర్నాడు మధ్యాహ్నం నాగేశ్వరరావుగారు దిగారు. నన్నూ భోజనానికి పిలిచారు గానీ, నేను వెళ్లింది పండు కోసం. ఆ పాటికి అది కొత్త మేతకి పూర్తిగా అలవాటు పడింది. గోకడం తగ్గింది, వీపు మీద జుట్టు నిగనిగలాడుతోంది.

ఆయన గుమ్మంలోకి రాగానే పండు దగ్గరకెళ్లి వాసన చూసింది. తర్వాత మెల్లిగా ఆయన వెనక్కి వెళ్లింది, ఫోను వెనక్కి వెళ్లినట్టే. ఒక చుట్టు తిరిగి ముందుకొచ్చి, రెండు కాళ్లూ ఆయన గుండెల మీద వేసేసింది. మూడేళ్ల కష్టం మోసుకొచ్చిన మనిషి అక్కడే చతికిలబడి దాన్ని పట్టుకుని ఏడ్చేశారు. వెంకటలక్ష్మిగారు నా వైపు చూశారు. ఆ చూపు ముందు నాకొచ్చిన ఏ ప్రశంసాపత్రమూ పనికిరాదు.

పెట్టె తెరవగానే ఆయన ముందు తీసినది ఒక పెద్ద సంచి. కుక్క మేత. పళ్లతో చించి, పండు గిన్నెలో గలగలా పోసేశారు. నేను నోరు తెరిచేలోపే వెంకటలక్ష్మిగారు గిన్నె లాగేసుకున్నారు.

"ఆగండి. ఒక్కసారే పెట్టకూడదండీ."

"అక్కడ ఇంతకంటే మంచిది లేదన్నారే" అన్నారాయన.

"మంచిదేనండీ. ఆ సంగతి దాని పొట్టకి కూడా తెలియాలి కదండీ. ఇవాళ ఒక గరిటే. మిగతాది పాతది."

ఆయన నా వైపు చూశారు. నేను కప్పు మీది ఫ్యాను చూస్తూ కూర్చున్నాను.

భోజనాలకి కూర్చున్నాం. పెద్దావిడ నెల తర్వాత ముట్టుకున్న మాంసం, చేపల పులుసు, వేడి గారెలు. నాగేశ్వరరావుగారి కంచంలో మాత్రం ఒక చేపముక్క, ఒక గారె, మిగిలినదంతా పెరుగన్నం.

"ఇదేంటి లక్ష్మీ?"

"మూడేళ్లు అక్కడి రొట్టెలు తిన్న పొట్టండీ మీది. ఇవాళ ఒక ముక్కే. రేపు రెండు."

"బావగారూ, రేపు పొద్దున్న చెక్ ట్రే కూడా చూస్తదండీ మా అక్క" అన్నాడు సత్తిబాబు. పెద్దావిడకి నవ్వుతో పొలమారింది.

ఆయన పెరుగన్నం కలిపి మొదటి ముద్ద చేతిలోకి తీసుకున్నారు. పండు అప్పటికే పక్కన కూర్చుని ఉంది. ఆయన చెయ్యి దాని వైపు వెళ్లబోయి మధ్యలో ఆగింది. నన్ను అడుగుతారనుకున్నాను, డాక్టరుని కదా. ఆయన భార్య వైపు చూశారు.

వెంకటలక్ష్మిగారు ఒక్క క్షణం ఆలోచించారు. పెరుగన్నం పండుకి పాత అలవాటే.

"ఆయ్. ఆ ఒక్క ముద్దా పెట్టండి" అన్నారు.

పండు తింది. ఆ ఇంట్లో ఇక డాక్టరు అవసరం లేదని అర్థమై, నా కంచంలో ఇంకో రెండు గారెలు వేయించుకున్నాను.